సౌండ్ కోసం సైలెన్సర్ కోయించా, వెనక సీట్లో నాన్న మాటలు ఆగిపోయాయి | సైలెన్సర్ 125 ఏళ్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక రోడ్ ట్రిప్‌తో మొదలుపెడదాం.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసిన కొత్తలో సంగతి ఇది. ఇంట్లో చెప్పిన వారానికే అమ్మానాన్నలని కార్లో ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి గుంటూరు బయల్దేరాను. చౌటుప్పల్ దాటాక నాన్న మాట్లాడటం ఆపేశారు. సూర్యాపేటలో టీ తాగాం, కోదాడ దాటాం. నేను ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నా. అద్దంలో చూస్తే ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. సరే, అయిపోయింది, జాబ్ మానేసినందుకు నాతో మాటలు బంద్ అనుకున్నా. విజయవాడ వచ్చేదాకా ఆ బరువుతోనే డ్రైవ్ చేశా.

ఇంటికెళ్లాక అమ్మ అసలు సంగతి చెప్పింది. "కోపం లేదు, ఏం లేదు. ఆ కార్లో మీ నాన్నకి ఒక్క ముక్క వినపడలేదురా. నాకూ తల దిమ్మెక్కిపోయింది."

నాన్న 26 ఏళ్లు స్పిన్నింగ్ మిల్లులో చేశారు. ఆ మోతకి చెవులు దెబ్బతిన్నాయి, ఇప్పుడు మిషన్ పెట్టుకుంటారు. ఇక నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, ఆ ట్రిప్‌కి రెండు నెలల ముందు నా సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్‌కి వెనక సైలెన్సర్ కోయించి, స్పోర్ట్స్ కార్ సౌండ్ వస్తుందని స్ట్రెయిట్-త్రూ ఎగ్జాస్ట్ పెట్టించా. ముందు సీట్లో కూర్చున్న నాకు అది సూపర్‌గా ఉంది. వెనకాల కూర్చున్న వాళ్లకి నరకం. ఒకే కారు, ఒకే ఎగ్జాస్ట్, రెండు మీటర్ల దూరంలో ఇంత తేడా ఎలా వచ్చింది?

అది తెలుసుకుందామని తవ్వడం మొదలుపెడితే ఒక పెద్ద కథే దొరికింది. అందులో మెషిన్ గన్ ఉంది, రేస్ ట్రాక్ ఉంది, గోలీ సోడా సీసా ఉంది, మన బెంగళూరు ప్రొఫెసర్ కూడా ఉన్నారు.

గుర్రాల కాలం నుంచి

కారు ఇంజన్‌లో జరిగేది వరసగా పేలుళ్లు. ప్రతి పేలుడు తర్వాత వేడి గ్యాస్ ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. దాన్ని అలాగే బయటికి వదిలేస్తే తుపాకీ పేల్చినట్టే ఉంటుంది. మొదటి కార్లు తిరిగిన రోజుల్లో రోడ్డు మీద ఎక్కువ ఉన్నవి గుర్రబ్బండ్లు. పక్కన అలాంటి మోత వస్తే గుర్రం బెదిరి బండిని ఎటు లాక్కెళ్తుందో తెలీదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, కొలంబస్ ఊళ్లో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు ఇంజన్ ఎగ్జాస్ట్‌కి మఫ్లర్ తయారుచేసి 1897లో పేటెంట్ తీసుకున్నారు. అమెరికా వాళ్లు మఫ్లర్ అంటారు, బ్రిటిష్ వాళ్లు సైలెన్సర్ అంటారు. మనకి బ్రిటిష్ మాట వచ్చింది.

అదే కాలంలో ఇంకో పేరు చెప్పుకోవాలి. హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. 1884లో మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టింది ఈయనే. గన్స్ పక్కనే నిలబడి నిలబడి ఆయన చెవులు పోయాయి. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ ఎంఐటీలో చదివి, హార్ట్‌ఫోర్డ్‌లో కార్ల మీద పనిచేసిన ఇంజనీర్. ఈ కొడుకు 1909లో పేటెంట్ తీసుకున్నది దేనికో తెలుసా? తుపాకీ సైలెన్సర్‌కి. తండ్రి మోత కనిపెట్టాడు, కొడుకు ఆ మోత నోరు మూయించాడు. తర్వాత ఆ కంపెనీ ఇంజన్లకి కూడా సైలెన్సర్లు చేసింది. తుపాకీ అయినా ఇంజన్ అయినా సూత్రం ఒకటే. ఎగదన్నుకొచ్చే గ్యాస్‌ని ఒక్కసారిగా బయటికి వదలకుండా, ముందు కొంచెం పెద్ద గదిలోకి పంపి, అక్కడ జోరు తగ్గించి, తర్వాత వదలడం.

మరి అప్పట్లో కుర్రాళ్లందరూ బుద్ధిగా సైలెన్సర్ పెట్టుకుని తిరిగారా? లేదండి. చాలా కార్లకి "కటౌట్" అని ఒకటి ఉండేది. కాలితోనో చేత్తోనో ఒక మీట నొక్కితే గ్యాస్ సైలెన్సర్‌లోకి వెళ్లకుండా ముందే బయటికి వచ్చేసేది. కొంచెం పవర్, బోలెడంత మోత. ఊళ్లకి ఊళ్లు దాన్ని నిషేధించాల్సి వచ్చింది. ఈ రోజు రిమోట్ బటన్‌తో వాల్వ్ తెరిచే ఎగ్జాస్ట్‌ని కొత్త టెక్నాలజీ అని అమ్ముతున్నారు కదా, దాని ముత్తాత ఇదే.

రేస్ ట్రాక్‌కీ తప్పలేదు

ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతంలో 1907లో బ్రూక్‌లాండ్స్ అనే రేస్ ట్రాక్ మొదలైంది. మోటార్ రేసింగ్ కోసమే ప్రత్యేకంగా కట్టిన మొదటి ట్రాక్ అది. కొన్నేళ్లకి చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు మోత భరించలేక కోర్టు దాకా వెళ్లారు. దాంతో 1920ల మధ్య నుంచి అక్కడ రేస్ చేయాలంటే సైలెన్సర్ తప్పనిసరి అయింది. పెద్ద డబ్బా, చివర చేప తోకలా వెడల్పయిన గొట్టం. దాని పేరే "బ్రూక్‌లాండ్స్ క్యాన్". ఇక్కడ తమాషా ఏంటంటే, నిశ్శబ్దం కోసం బలవంతంగా పెట్టించిన ఆ డబ్బాని పాత బ్రిటిష్ బైకుల ప్రియులు ఇప్పటికీ స్టైల్ కోసం ఏరికోరి పెట్టించుకుంటారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పాత కార్లని రేసు కార్లలా మార్చుకునే హాట్ రాడ్ పిచ్చి బాగా ముదిరింది. వాళ్లకి ఇష్టమైన సైలెన్సర్ పేరు గ్లాస్‌ప్యాక్. నిలువుగా ఒక చిల్లుల గొట్టం, దాని చుట్టూ ఫైబర్‌గ్లాస్ ఊలు, పైన ఇనుప డబ్బా. గ్యాస్‌కి అడ్డం లేదు, నేరుగా వెళ్లిపోతుంది. స్ట్రెయిట్-త్రూ అంటే అదే. నా కారుకి షాపులో పెట్టింది కూడా దాని మనవడినే.

నా తప్పు ఇక్కడే మొదలైంది. అది అర్థం కావాలంటే కొంచెం లెక్క వేయాలి. భయపడకండి, గుణకారం, భాగహారం అంతే.

డ్రోన్ అంటే ఏంటి

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ ఒక్క చుట్టు తిరిగితే రెండు పేలుళ్లు. హైవే మీద 2500 ఆర్‌పీఎం అనుకోండి. 60తో భాగిస్తే సెకనుకి దాదాపు 42 చుట్లు. అంటే సెకనుకి 83 పేలుళ్లు, 83 హెర్ట్జ్. హైవే మీద గంటల తరబడి ఒకే స్పీడ్‌లో వెళ్తే, గంటల తరబడి అదే ఒక్క స్వరం మోగుతూ ఉంటుంది. దీన్నే డ్రోన్ అంటారు. ఎగిరే డ్రోన్ కాదండి. కచేరీలో వెనకాల తంబూరా ఒకే శ్రుతి మోగిస్తూ ఉంటుంది చూశారా, ఇంగ్లీష్‌లో దానికీ డ్రోన్ అనే పేరు. తంబూరా అయితే హాయిగా ఉంటుంది. ఇదేమో పుర్రెలో దిమ్మ తిరిగినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఊలు సంగతి. వేడి ఎగ్జాస్ట్ గ్యాస్‌లో శబ్దం సెకనుకి సుమారు 450 మీటర్లు వెళ్తుందనుకుందాం. 450ని 83తో భాగిస్తే ఒక్క అల పొడవు 5.4 మీటర్లు. నా కారు కన్నా పొడుగు! అంత పెద్ద అలని మూడు వేళ్ల మందం ఊలు ఏం పీల్చుకుంటుంది? చిన్న చిన్న అలలని, అంటే కీచుమనే గరగర శబ్దాలని అది బాగా పీలుస్తుంది. అందుకే షాపులో నిలబడి వింటే సౌండ్ నీట్‌గా, గంభీరంగా ఉంటుంది. అడుగున ఉండే ఆ 83 హెర్ట్జ్ మాత్రం చెక్కు చెదరకుండా బయటికి వస్తుంది.

ఇక కారు లోపల. చిన్న కారు క్యాబిన్ ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా సుమారు రెండు మీటర్లు. మామూలు గాలిలో 83 హెర్ట్జ్ అల పొడవు నాలుగు మీటర్లు, అంటే సగం అల కరెక్ట్‌గా రెండు మీటర్లు. కొలత తీసి కుట్టించినట్టు క్యాబిన్‌లో సరిపోయింది! అలా సరిపోయినప్పుడు క్యాబిన్ మొత్తం ఒక వాయిద్యంలా ఆ స్వరాన్ని పెంచి మోగిస్తుంది. కానీ అన్ని చోట్లా సమానంగా మోగించదు. రెండు చివర్లలో ఒత్తిడి ఎక్కువ, మధ్యలో చాలా తక్కువ.

డ్రైవర్ తల ఎక్కడుంటుంది? దాదాపు మధ్యలో. వెనక సీట్లో వాళ్ల తల? చివర్లో.

నాకు ఇక్కడ నిజంగా సిగ్గేసింది. "అంత సౌండ్ ఏం లేదమ్మా, నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నావ్" అని రెండుసార్లు అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు, నా సీట్లో నిజంగానే తక్కువ. నేను కూర్చున్న చోటు నుంచి వాళ్ల బాధ వినపడదు, అంతే.

ఇంకో మోసం మన ఫోన్‌లోనే ఉంది. డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే అంకె పెద్దగా ఏం రాలేదు. ఎందుకంటే అలాంటి యాప్స్ సాధారణంగా చూపించేది "ఏ-వెయిటింగ్" చేసిన లెక్క. 80 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 22 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంటే మన సమస్య ఉన్న చోటే కత్తెర వేస్తుంది. మీరు చూడాల్సింది డెసిబెల్ మీటర్ కాదు, స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్. ఫ్రీగా దొరుకుతుంది. అందులో ఒక్క గీత తాటిచెట్టులా లేచి నిలబడితే మీ డ్రోన్ అదే. డ్రైవ్ చేస్తూ మీరు చూడకండి, పక్కన కూర్చున్న వాళ్లకి ఇవ్వండి.

నాన్న సంగతి కూడా అప్పుడే అర్థమైంది. లోతైన శబ్దం గట్టిగా మోగుతుంటే దాని పైన ఉండే శబ్దాలని, అంటే మన మాటలని, కప్పేస్తుంది. చెవులు బాగున్న వాళ్లు ఎలాగోలా ఊహించి పట్టుకుంటారు. వినికిడి తగ్గిన వాళ్లకి ఆ చాన్స్ కూడా ఉండదు.

సోడా సీసా, ఉయ్యాల

మరి దీన్ని ఆపడం ఎలా? నేను మొదట చేసింది పిచ్చి పని. ఫ్లోర్‌కి, డిక్కీకి డ్యాంపింగ్ షీట్లు అతికించా. డోర్ వేస్తే దబ్ మని లగ్జరీ కార్ సౌండ్ వచ్చింది, రోడ్ నాయిస్ కొంచెం తగ్గింది. డ్రోన్ మాత్రం అలాగే ఉంది. ఆ షీట్లు రేకు అదరడం తగ్గిస్తాయి. నాలుగు మీటర్ల అల మొత్తం క్యాబిన్‌లో ఊగుతుంటే అవేం చేస్తాయి పాపం.

అసలు జవాబు కార్లు పుట్టకముందే ఉంది. ఖాళీ గోలీ సోడా సీసా మూతి దగ్గర ఊదితే బూమ్ అని ఒకే స్వరం వస్తుంది కదా. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దం మధ్యలో దీని మీద పనిచేశారు. బుర్ర ఎంత పెద్దది, మెడ ఎంత పొడుగు, మూతి ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి ఆ స్వరం ఉంటుంది. ఇలాంటి బుర్రని ఎగ్జాస్ట్ గొట్టానికి పక్కన అతికిస్తే ఏమవుతుందంటే, సరిగ్గా ఆ స్వరం వచ్చినప్పుడు అది ఎదురు ఊగి దాన్ని ఆపేస్తుంది. ఉయ్యాల ముందుకొచ్చే టైమ్‌కి ఎదురుగా తోస్తే ఆగిపోతుంది చూడండి, అలా. మిగతా స్వరాల జోలికి పెద్దగా పోదు.

ఇంకో పద్ధతి, పక్కకి ఒక మూసేసిన గొట్టం పెట్టడం. అల అందులోకి వెళ్లి, చివర తగిలి వెనక్కి వస్తుంది. గొట్టం పొడవు అలలో నాలుగో వంతు ఉంటే, వెళ్లి రావడానికి సగం అల దూరం అవుతుంది. బయటికి వచ్చేసరికి మెయిన్ గొట్టంలో ఉన్నదానికి సరిగ్గా ఎదురవుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. అమెరికాలో మస్టాంగ్, కార్వెట్ లాంటి కార్లకి ఎగ్జాస్ట్ మార్చిన వాళ్లు ఇప్పుడు వెల్డింగ్ చేయించుకునే "జే-పైప్" ఇదే. వీ8 ఇంజన్‌కి 2000 ఆర్‌పీఎం దగ్గర 133 హెర్ట్జ్ వస్తుంది. 450ని 133తో, మళ్లీ 4తో భాగిస్తే సుమారు 85 సెంటీమీటర్లు. కారు కింద పట్టేస్తుంది. నా 83 హెర్ట్జ్‌కి మాత్రం 1.35 మీటర్ల గొట్టం కావాలి. చిన్న హ్యాచ్‌బ్యాక్ కింద ఎక్కడ పెట్టాలి దాన్ని?

ఈసీఈ వాళ్లు ఇప్పటికే కనిపెట్టేసి ఉంటారు. మనం మూడో ఏడాదిలో ట్రాన్స్‌మిషన్ లైన్స్ సబ్జెక్ట్‌లో క్వార్టర్-వేవ్ స్టబ్ అని బట్టీ కొట్టాం చూడండి, ఇది అదే! కరెంట్ బదులు శబ్దం. నేను దానికి ఎనిమిది మార్కుల ఆన్సర్ రాసి మర్చిపోయా. పదేళ్ల తర్వాత అది కారు కింద కనపడింది.

ఇదంతా పక్కా ఇంజనీరింగ్‌గా మారడంలో ఒక రిపోర్ట్ గురించి చెప్పాలి. అమెరికాలో నాసాకి ముందున్న సంస్థ నాకా. 1954లో వాళ్లు మఫ్లర్ల మీద 1192 నంబర్ రిపోర్ట్ ఇచ్చారు. లౌడ్‌స్పీకర్ పెట్టి 77 రకాల మఫ్లర్లని కొలిచి, ఏ డబ్బా ఏ స్వరాన్ని ఎంత ఆపుతుందో గీతలు గీసి చూపించారు. ఆ తర్వాత 1987లో ఈ రంగం వాళ్లు ప్రపంచమంతా వాడే ఒక పుస్తకం వచ్చింది, "అకౌస్టిక్స్ ఆఫ్ డక్ట్స్ అండ్ మఫ్లర్స్". రాసింది బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్ ఎం. ఎల్. ముంజల్. మనం ఫారిన్ ఎగ్జాస్ట్ అని ఎగబడతాం గానీ, డబ్బాలో ఏం పెట్టాలో నేర్పిన పుస్తకం మన దగ్గరే పుట్టింది.

స్పీకర్‌తో ఆపడం, స్పీకర్‌తో పెంచడం

డబ్బా లేకుండా, శబ్దంతోనే శబ్దాన్ని ఆపొచ్చు కదా? ఈ ఆలోచన పాల్ లూయెగ్ అనే జర్మన్‌ది. 1936లో ఆయనకి అమెరికా పేటెంట్ వచ్చింది. ఒక మైక్ శబ్దాన్ని వింటుంది, స్పీకర్ దానికి సరిగ్గా తలకిందులైన అలని వదులుతుంది. మీ నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌ఫోన్స్ చేసేది అదే. కానీ అప్పటి ఎలక్ట్రానిక్స్‌తో అది అయ్యే పని కాలేదు. 2003లో హోండా ఇన్‌స్పైర్ కారులో ఈ పద్ధతి వాడారు. ఆ ఇంజన్ ఆరు సిలిండర్లలో మూడింటిని ఆపుకుని పెట్రోల్ ఆదా చేసేది. మూడింటితో నడిచేటప్పుడు లోపల బూమ్ వచ్చేది. దాన్ని ఆడియో స్పీకర్లతో ఎదురు అల పంపి తగ్గించారు.

కట్ చేస్తే 2011. కొత్త బీఎండబ్ల్యూ ఎం5 వచ్చింది. టర్బో ఇంజన్, క్యాబిన్‌లో పిన్ డ్రాప్ సైలెన్స్. స్పోర్ట్స్ కార్‌లో ఆ ఫీల్ లేకపోతే ఎలా అని ఇంజన్ సౌండ్‌ని స్పీకర్లలోంచి వినిపించారు! ఒకరు స్పీకర్‌తో మోత తీసేశారు, ఇంకొకరు స్పీకర్‌తో మోత కలిపారు. నవ్వొస్తుంది కానీ దీనిలో ఒక మర్యాద ఉంది. ఆ సౌండ్ కావాలనుకున్న వాళ్లకే వినపడుతుంది. రోడ్డు పక్కన నిద్రపోయే పసిపిల్లకి కాదు.

మన చట్టంలో డబ్బా

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1989 సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌లో 120వ రూల్ సైలెన్సర్ గురించే. ఎక్స్‌పాన్షన్ చాంబర్‌తో గానీ మరో విధంగా గానీ శబ్దాన్ని వీలైనంత తగ్గించే పరికరం ప్రతి బండికీ ఉండాలంటుంది. రీవ్స్, మాక్సిమ్‌ల కాలం నాటి ఆ "పెద్ద గది" మన చట్టంలో పేరుతో సహా కూర్చుంది. 2019 సవరణ తర్వాత శబ్ద ప్రమాణాలు మీరితే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్ కూడా 3 నెలలు పోతుంది. పోలీసులు మోడిఫైడ్ సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్ ఎక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నేను కూడా చూసి లైక్ కొట్టాను. నా కారుకి ఉన్నదీ అదే అని తోచలేదు.

అంటే నేను చేసిన మొదటి తప్పు టెక్నికల్ కాదు, లీగల్. దొరకలేదు కాబట్టి తెలియలేదు.

చివరికి ఏం చేశానంటే

జే-పైప్ గీసుకున్నా, సీసా లాంటి రెజొనేటర్ లెక్కలు వేసుకున్నా. రెండు వారాలు ఎక్సెల్ షీట్‌తో కుస్తీ పట్టా. అప్పుడు వెలిగింది. నేను కష్టపడి డిజైన్ చేస్తున్నది దేన్ని? నేను కోయించి పడేసిన ఆ కంపెనీ డబ్బానే! దాన్ని తెరిస్తే లోపల ఉండేవి గదులు, చిల్లుల గొట్టాలు, లెక్క ప్రకారం మూసిన మూలలు. నా ఇంజన్‌కి, నా క్యాబిన్ పొడవుకి, ఆ 83 హెర్ట్జ్‌కి ఎవరో ఇంజనీర్లు ముందే కూర్చుని లెక్క కట్టి పెట్టిన జవాబు అది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఈ కోడ్ ఎందుకుందో అర్థం కాక డిలీట్ చేశా. ప్రొడక్షన్‌లో సిస్టమ్ పడిపోయాక తెలిసింది అదెందుకుందో.

అదృష్టం కొద్దీ పాత డబ్బా ఇంకా మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ మూలనే ఉంది. మళ్లీ వెల్డింగ్ చేయించా. కోయించడానికి పెట్టిందీ, అతికించడానికి పెట్టిందీ కలిపితే ఒక మంచి ఫోన్ వచ్చేది.

ఎగ్జాస్ట్ సౌండ్ ఇష్టపడటం తప్పని నేను అనట్లేదు. నాకు ఇప్పటికీ ఇష్టమే. ట్రాక్ డేకి వెళ్లండి, తనివితీరా వినండి. బయట దేశాల్లో రూల్స్ ఒప్పుకునే చోట ఉన్న మనవాళ్లయితే ముందు మీ డ్రోన్ ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎన్ని హెర్ట్జ్ దగ్గర వస్తుందో కొలవండి, ఆ స్వరానికి రెజొనేటర్ పెట్టించుకోండి. అడ్డదిడ్డంగా షీట్లు అతికించకండి. అన్నిటికన్నా ముందు, మీ కార్లో మీరే ఒకసారి వెనక సీట్లో కూర్చోండి. వేరే వాళ్లకి స్టీరింగ్ ఇచ్చి, హైవే మీద ఒక్క అరగంట.

పోయిన సంక్రాంతికి మళ్లీ అదే రోడ్డు, అదే కారు. చౌటుప్పల్ దాటామో లేదో, వెనకనుంచి నాన్న గొంతు. "ఒరేయ్, ఉద్యోగం మానేసి ఆ వీడియోలు చేస్తే నెలకి ఎంత వస్తుంది?"

సూర్యాపేట దాకా క్లాస్ పీకారండి. ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

మీ బండిలో ఇలాంటి అనుభవం ఉంటే ఏ ఆర్‌పీఎం దగ్గర మోగుతుందో రాయండి, హెర్ట్జ్ లెక్క కలిసి వేద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటానండి.